మంట నిజమే, మాట నిజమేనా?

రోడ్డు పక్కన ఆగిన బ్యాటరీ స్కూటరు ఒకటి పొగలు కక్కుతూ, చూస్తుండగానే నిలువునా తగలబడిపోయే వీడియోను మీలో చాలామంది చూచే ఉంటారు. అది అర నిమిషం కూడా ఉండదు. కింద ఎవరో నాలుగు ముక్కలు వ్రాసి ఉంటారు. ఈ కంపెనీ బండి కొనవద్దు, కొన్నవారు ఇంట్లో ఉంచుకోవద్దు, వెంటనే పదిమందికి పంపండి, అని. అది ఏ ఊరో ఉండదు, ఏ తేదీయో ఉండదు. మన సంఘాల వాట్సాప్ గ్రూపులలో వాక్యభాగాల మధ్య, పుట్టినరోజు శుభాకాంక్షల మధ్య ఇటువంటివి వారానికి ఒకటైనా దిగుతూనే ఉంటాయి.

ప్రియ పాఠకులారా, అలాంటి మూడు మంటల సంగతి ముందుగా చెబుతాము. 2022 మార్చి 26న పూణె నగరంలో ఓలా కంపెనీవారి ఎస్1 ప్రో స్కూటరు ఆగి ఉన్నచోటనే దానంతట అదే అంటుకుంది. ఆ వీడియో దేశమంతా తిరిగింది. నెల తిరగకముందే, ఏప్రిల్ 24న, కంపెనీ ఆ బ్యాచ్‌లో తయారైన 1,441 బండ్లను పరీక్ష కోసం వెనక్కి పిలిచింది. అదే ఏప్రిల్ చివరి వారంలో తమిళనాడులోని ఆంబూరు దగ్గర అదే కంపెనీ బండి మరొకటి తగలబడింది. ఆ వీడియో కూడా అంతే వేగంగా తిరిగింది. అయితే అక్కడ బండి దారిలో ఆగిపోయిందన్న కోపంతో యజమానే పెట్రోలు పోసి అంటించాడు. 2024 సెప్టెంబరు 10న మన పొరుగునే, కర్ణాటకలోని కలబురగిలో ఏకంగా షోరూమే కాలిపోయింది. కొత్తగా కొన్న బండిని ఎన్నిసార్లు తిరిగినా సరిగా బాగుచేయలేదని ఒక యువకుడు నిప్పు పెట్టాడు. పోలీసులు అతన్ని అరెస్టు చేశారు.

మూడుచోట్లా మంట నిజమే. మూడుచోట్లా కాలింది ఒకే కంపెనీ బండ్లే. మాటలు తీసివేసి బొమ్మ మాత్రమే చూపిస్తే ఏది బ్యాటరీ మంటో, ఏది పెట్రోలు మంటో మనబోటివాళ్ళం చెప్పలేము. ఆంబూరులోను, కలబురగిలోను ఫిర్యాదే లేదని మా ఉద్దేశం కాదు. ఉంది, అది చిన్నదీ కాదు. లక్షకు పైగా పోసి కొన్న వస్తువు దారిలో నిలిచిపోతే ఎవరి కడుపు రగలదు? కాని అది బండి పేలిందన్న ఫిర్యాదు కాదు. బండిని బాగుచేయడం లేదన్న ఫిర్యాదు. ఆ రెండూ వేరు. కొనబోయే కుటుంబానికి ఈ తేడా ఎంతో అవసరం.

మేము దీనిని ఊరకే తీరికకు పట్టుకోలేదు. మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. భార్యాభర్తలమిద్దరమూ బడిలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాళ్ళం. కొడుకు బెంగుళూరులో ఉన్నాడు. కోడలు పధ్నాలుగు కిలోమీటర్ల దూరంలోని ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. టీకాల రోజున ఆలస్యమైతే ఏ ఆటోవాడినో, ఏ ట్రాక్టరువాడినో బతిమాలుకొని ఇల్లు చేరవలసిందే. పెట్రోలు నూరు దాటింది. శనక్కాయ పంట ఎన్నేండ్లకొకసారి చేతికి వస్తుందో అనంతపురం జిల్లావారికి మేము వేరే చెప్పనక్కరలేదు. బ్యాటరీ బండి అయితే నెలకు ఎంత మిగులుతుందో కోడలు కాగితం మీద లెక్క వేసి చూపింది. సరిగ్గా ఆ వారంలోనే స్త్రీల మైత్రి గ్రూపులో పైన చెప్పిన వీడియో వచ్చింది.

మా ఇంట్లో ఎనభై దాటిన అమ్మ ఉంది. ఆమె చూచి, "ఇంట్లోకి బాంబు తెచ్చిపెట్టుకుంటారేమప్పా? నేను పోయినాంక తెచ్చుకోండి" అంది. కోడలు మాత్రం, "మామా, అది ఏ బండో, యాడ కాలిందో, ఎందుకు కాలిందో కనుక్కోని చెప్పండి. నిజంగా కాలేదయితే నేనే వద్దంటా. ఊరికే భయపడి ఇంకో ఏడాది ట్రాక్టరు ఎక్కమంటే ఎట్లా?" అంది. ఆ మాట మాకు న్యాయంగా తోచింది. అందుకే ఈ వెతుకులాట.

భయానికి ఆధారం లేకపోలేదు. 2022 ఏప్రిల్ మూడవ వారంలో నిజామాబాదులో ఒక ఇంటి ముందుగదిలో రాత్రి చార్జింగుకు పెట్టిన స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలి, అక్కడ నిద్రిస్తున్న ఎనభై ఏండ్ల వృద్ధుడు చనిపోయాడు. ఇంటివారికీ గాయాలయ్యాయి. వారం తిరక్కముందే, ఏప్రిల్ 23న, విజయవాడలో ఒక పడకగదిలో చార్జింగుకు పెట్టిన బ్యాటరీ పేలి నలభై ఏండ్ల ఇంటి యజమాని చనిపోయాడు. భార్యా, ఇద్దరు పిల్లలూ గాయపడ్డారు. ఆ బండి కొన్నది ముందురోజే. ఇవి వదంతులు కావు. నిజామాబాదులో కాలిన బ్యాటరీ హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ కంపెనీ బండిది. ఆ బండి అమ్మినట్లుగాని, సర్వీసు చేసినట్లుగాని తమ లెక్కలలో లేదని, చేతులు మారిన బండి కావచ్చునని ఆ కంపెనీ మొదట చెప్పింది. వెంటనే రెండు రకాల బండ్లు రెండు వేలు వెనక్కి పిలిపించింది. ఒకినావా అనే మరొక కంపెనీ అంతకు కొద్ది రోజుల ముందే 3,215 బండ్లను పిలిపించింది. కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ నిపుణుల కమిటీ వేస్తున్నామని, నిర్లక్ష్యం చేసిన కంపెనీలకు భారీ జరిమానాలు తప్పవని ఏప్రిల్ 21న ప్రకటించారు. తరువాత బ్యాటరీల పరీక్షా నియమాలు గట్టిపడ్డాయి. లోపల ఒక సెల్లు వేడెక్కి అంటుకుంటే ఆ మంట పక్క సెల్లులకు పాకకుండా ఉండాలన్న పరీక్ష వాటిలో ముఖ్యమైనది. 2022 డిసెంబరు 1 నుండి కొన్ని, 2023 మార్చి 31 నుండి మిగిలినవి అమలులోకి వచ్చాయి.

ఈ రెండు మరణాలను పక్కపక్కన పెట్టి చూస్తే, ఏ వీడియోలోనూ లేని సంగతి ఒకటి కనబడుతుంది. రెండుచోట్లా ప్రాణం తీసినది రోడ్డుమీద పోతున్న బండి కాదు. మనుషులు పడుకునే గదిలో రాత్రంతా చార్జింగుకు పెట్టిన బ్యాటరీ. మాకున్నవి రెండు గదులు. కరెంటు ప్లగ్గు ఉన్నది అమ్మ మంచం పక్కనే. బండి కొనాలా వద్దా అన్నదానికంటె ముందు, ఎక్కడ పెట్టి చార్జింగు చేస్తామన్న ప్రశ్న మాకు ఇక్కడ ఎదురైంది. తేదీ ఎంత ముఖ్యమో కూడా అప్పుడే తెలిసింది. 2022లో తయారైన బ్యాటరీ మీది ఫిర్యాదు, కొత్త పరీక్షలు వచ్చిన తరువాత తయారైన బ్యాటరీకి అంతే బలంగా వర్తించదు. తేదీ లేని వీడియో ఆ సంగతిని కప్పివేస్తుంది. పాత వీడియో ప్రతి వేసవిలోను కొత్తదై తిరిగి వస్తుంది.

ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయంలో ఇద్దరు ముగ్గురు సాక్షులు లేనిదే నేరం స్థిరపరచకూడదన్న నియమం మనకందరికీ తెలిసిందే. మనలో కొందరు దానిని ఫోనుకు తప్పుగా అన్వయిస్తున్నారేమోనని మాకు అనుమానం. ఆ స్కూటరు వీడియో మా ఇద్దరి ఫోనులకు ఆరు దారులలో వచ్చింది. స్త్రీల మైత్రి నుండి, పాత ఉపాధ్యాయుల గ్రూపు నుండి, బెంగుళూరు బంధువుల నుండి, ఇంకా అలా. "ఇంతమంది చెబుతున్నారు, అబద్ధమెట్లా అవుతుంది?" అని ఒక సహోదరి అడిగింది. చెప్పినవారు ఆరుగురు కారమ్మా, ఒక్కడే. వాడే ఆరు తలుపులు తట్టాడు. వాళ్ళలో ఒక్కరు కూడా ఆ బండిని కళ్ళారా చూచినవారు కారు. సందేశం మీద జంట బాణపు గుర్తు కనబడితే అది ఎన్నో చేతులు మారి వచ్చిందని అర్థం. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతికి మన తెలుగు నేలమీద కూడా అమాయకుల ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది జూలైలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదుగురికి మించి పంపకుండా కట్టడి చేసింది. 2020 ఏప్రిల్ నుండి, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కచోటికే పంపగలం.

ఇది సెల్‌ఫోను తెచ్చిన జబ్బు అని కూడా అనుకోవద్దు. క్రైస్తవ కుటుంబాలుగా మనం తప్పక తెలుసుకోవలసిన కథ ఒకటుంది. టైడ్ సబ్బుపొడి, విక్స్ తయారుచేసే ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ అనే అమెరికా కంపెనీకి పాత ముద్ర ఒకటి ఉండేది. చంద్రవంకలో మనిషి ముఖం, పక్కన పదమూడు నక్షత్రాలు. ఆ దేశం మొదట పదమూడు వలస రాష్ట్రాలుగా ఉండేది కనుక పదమూడు. 1980 తరువాత అది సాతాను గుర్తు అని ఒక మాట పుట్టింది. ఆ కంపెనీ అధిపతి టీవీ కార్యక్రమంలో కూర్చుని, లాభాలు సాతాను సంఘానికి ఇస్తున్నానని ఒప్పుకున్నాడట! ఆ కార్యక్రమంలో ఆయన ఎన్నడూ కనబడలేదు. అయినా ఆ కాగితం చేతులు మారింది. అమెరికాలోని సంఘాల పత్రికలలో అచ్చయింది, ప్రసంగ వేదికల మీదికీ ఎక్కింది. నెలకు వేల సంఖ్యలో కంపెనీకి ఫోనులు వచ్చాయి. బిల్లీ గ్రాహం, జెర్రీ ఫాల్వెల్ వంటి బోధకులు ఇది అబద్ధమని చెప్పినా ఆగలేదు. చివరికి 1985లో కంపెనీ తన పొట్లాల మీదనుండి ఆ ముద్రను తీసివేసింది.

అక్కడితో అయిపోలేదు. 1995లో ఆ మాట మళ్ళీ లేచింది. ఈసారి సబ్బులు, సామానులు ఇంటింటికీ అమ్మే పోటీ సంస్థ ఆమ్‌వే పంపిణీదారులు కొందరు తమ టెలిఫోను సందేశాల ఏర్పాటు ద్వారా దానిని పంచుకున్నారు. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కోర్టుకెక్కింది. 2007 మార్చిలో జ్యూరీ నలుగురు మాజీ పంపిణీదారుల మీద 1 కోటి 92 లక్షల 50 వేల డాలర్ల నష్టపరిహారం విధించింది. సబ్బు అమ్ముకునేవాడు ఎదుటివాడి సబ్బు సాతానుదంటున్నాడు! వినేవారు తెల్లబట్టలు ఉతుక్కొని ఆదివారం గుడికి వెళ్ళే భక్తిపరులు కనుకనే ఆ మాట అంత దూరం నడిచింది. మనం దేనికి త్వరగా భయపడతామో వదంతి పుట్టించేవాడికి తెలుసు. ఈ కథ చదివిన తరువాత, ఈ మాట నేను నమ్మితే ఎవరికి లాభం అని అడగడం మాకు అలవాటయింది.

పెద్ద పేరున్నవారు చెప్పినా అడగవలసిందే. మన పెనుకొండ దగ్గర ఎర్రమంచిలోని కియా కార్ల కర్మాగారం 2019 డిసెంబరులో లాంఛనంగా ప్రారంభమయింది. రెండు నెలలకే, 2020 ఫిబ్రవరిలో, అది తమిళనాడుకు తరలిపోయే ఆలోచనలో ఉందని రాయిటర్స్ వార్తాసంస్థ పేరు చెప్పని వ్యక్తులను ఆధారం చేసుకొని వ్రాసింది. కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం రెండూ ఖండించాయి. అయినా ఫోనులలో కొన్నాళ్ళు అదే మాట. ఉద్యోగాలకని అప్పులు చేసి శిక్షణ తీసుకున్న పిల్లల తల్లిదండ్రులకు నిద్ర లేదు. కర్మాగారం ఎక్కడికీ పోలేదు. జాతీయ రహదారిలో బస్సెక్కి కిటికీలోంచి చూస్తే కనబడే వస్తువు గురించి కూడా మనం ఫోనులోనే వెదుకుతున్నాం, అదీ విచిత్రం.

ఇదంతా విని, అయితే కంపెనీల మాటే నమ్మాలా అని మీరడగవచ్చు. అలా అనడం లేదు. నిర్గమకాండము 23వ అధ్యాయంలో ఒక చిత్రమైన ఆజ్ఞ ఉంది. వ్యాజ్యంలో బీదవాడని చూచి పక్షపాతం చూపవద్దని. లేవీయకాండములో దానికి జంటగా, గొప్పవాడని కూడా మొగ్గు చూపవద్దని ఉంది. పల్లెవాళ్ళం కనుక మన మనసు ఎప్పుడూ ఫిర్యాదు చేసిన చిన్నవాడి వైపే పోతుంది. అది మంచి గుణమే, కాని అది విచారణ కాదు. అట్లాగే, కోటు వేసుకున్నవాడు అంకెలు చూపగానే నోరు మూసుకోవడమూ విచారణ కాదు.

ఉదాహరణకు 2022 ఏప్రిల్‌లో గువాహటిలో జరిగినది చూడండి. ఒక తండ్రి తన కొడుకు ప్రమాదానికి ఓలా బండి లోపమే కారణమని బహిరంగంగా వ్రాశాడు. స్పీడ్ బ్రేకరు దగ్గర నెమ్మదించవలసిన బండి ఇంకా వేగం అందుకుందని ఆయన ఆరోపణ. కంపెనీ ఏప్రిల్ 22న జవాబిచ్చింది. ఆ రాత్రి బండి ఏ వేగంతో పోయిందో బండిలోని యంత్రం నమోదు చేసిన లెక్కలు బయటపెట్టి, నడిపినవాడు అతివేగంగా పోయి ఒక్కసారిగా బ్రేకు వేశాడని, బండిలో లోపం లేదని చెప్పింది. లెక్కలు చూడగానే చాలామంది తండ్రిని తప్పుపట్టారు. మరి ఆ లెక్కలను బండిలోనుండి తీసినది ఎవరు? చదివినది ఎవరు? వాటిలో ఎంత ప్రకటించాలో నిర్ణయించినది ఎవరు? కంపెనీయే గదా. అది కూడా ఒక సాక్ష్యమే, కాని ప్రతివాది సాక్ష్యం. పైగా కొనుగోలుదారుడు ఎప్పుడు ఎంత వేగంతో పోయాడో నలుగురిలో పెట్టే హక్కు మీకెక్కడిదని అడిగినవారూ ఉన్నారు. ఆ ప్రశ్న సరైనదేనని మా అభిప్రాయం. ఇటువంటి తగవులో బండిని విప్పి చూచే మూడవవాడు కావాలి. అప్పటిదాకా రెండు వైపులా మాటను ఎవరిది వారిదిగా ఉంచడమే మంచిది.

అటువంటి మూడవ చోటు ప్రభుత్వం దగ్గర ఒకటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు 2023 సెప్టెంబరు నుండి 2024 ఆగస్టు వరకు ఒక్క ఓలా బండ్ల మీదనే 10,644 ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో సర్వీసు ఆలస్యం గురించి 3,389, కొత్త బండి సమయానికి ఇవ్వలేదని 1,899, చెప్పిన సేవలు చేయలేదని 1,459. కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 అక్టోబరులో కంపెనీకి నోటీసు ఇచ్చింది. 99.1 శాతం ఫిర్యాదులు పరిష్కరించామని కంపెనీ జవాబిచ్చింది. సంస్థ దానితో సరిపెట్టుకోకుండా వివరమైన విచారణకు ఆదేశించింది.

ఈ అంకెలను ఎలా చూడాలి? 2023-24లో ఆ కంపెనీ అమ్మినవి మూడు లక్షలకు పైగా బండ్లు. పదివేలు పెద్ద సంఖ్యే, కాని ప్రతి బండీ పాడైందని అర్థం కాదు. అట్లని ఫిర్యాదు చేయనివారంతా సుఖంగా ఉన్నారనీ కాదు. పల్లెలలో ఎంతమందికి ఆ ఫోను నంబరు తెలుసు? మన జిల్లాలో బోర్ల సంగతి మీకు తెలుసు. నీళ్ళు పడిన బోరు దగ్గర జనం చేరతారు, టెంకాయ పట్టుకొని చూపించినవాడికి దండ పడుతుంది. అంతకుముందు అతను చూపించగా ఎండిపోయిన నాలుగు బోర్ల దగ్గర ఎవరూ ఉండరు. ఫిర్యాదులలో ఇది తిరగబడుతుంది. చెడిన బండిని వీడియో తీస్తారు. రోజూ పాలక్యాన్లు మోస్తున్న బండిని ఎవరూ తీయరు. కనుక ఎన్ని వీడియోలు వచ్చాయన్నది కాదు, ఎన్ని బండ్లకు ఎన్ని చెడాయి, ఎట్లా చెడాయి అన్నదే లెక్క. మాకు కనబడినంతలో ఆ ఫిర్యాదులలో ఎక్కువ భాగం మంటల గురించి కాదు, ఎదురుచూపుల గురించి.

అందుకే మేము మంటను పక్కనపెట్టి, బ్యాటరీ బండి రెండేండ్లకు పైగా వాడుతున్నవారిని కళ్యాణదుర్గంలోను, అనంతపురంలోను ఏడుగురిని వెదికి పట్టుకున్నాం. వారిలో ఒకరు పాలవ్యాపారి, ఇద్దరు ఉపాధ్యాయినులు, ఒకరు కొరియరు కుర్రవాడు. బండి బాగుందా అని అడగలేదు. అట్లా అడిగితే కొన్నవాడు బాగుందనే అంటాడు. ఎక్కడ చార్జింగు పెడతారు, ఎన్నిసార్లు దారిలో ఆగింది, చివరిసారి ఆగినప్పుడు ఎన్నాళ్ళు ఇంట్లో పడి ఉంది, సామాను ఎక్కడినుండి వచ్చింది, అని అడిగాం. ఏడుగురిలో ఎవరి బండీ కాలలేదు. కాని ఇద్దరి బండ్లు ఒక చిన్న సామాను కోసం నెలకు పైగా మూలపడ్డాయి. ఒక ఉపాధ్యాయిని బండిని టెంపోలో వేసుకొని అరవై కిలోమీటర్లు అనంతపురం తీసుకుపోయిందట. ఆ కంపెనీల పేర్లు ఇక్కడ అనవసరం. ఏడు బండ్లు చూచి కంపెనీకి తీర్పు చెప్పలేము. మా ఇంటి నిర్ణయానికి మాత్రం అవి చాలాయి.

కళ్యాణదుర్గంలోనే మెకానిక్కు, సామాను రెండూ ఉన్న కంపెనీ బండి కొన్నాం. కరెంటు పనివాణ్ణి పిలిచి వసారాలో, తడి తగలని గోడకు, ఎర్తు వైరు లాగించి వేరే ప్లగ్గు పెట్టించాం. సాయంత్రం కోడలు రాగానే పెట్టడం, అందరం పడుకునే ముందు తీసివేయడం. అమ్మ ఇప్పటికీ దానిని బాంబు అనే అంటుంది.

ఇంతసేపు త్వరపడి నమ్మడం గురించి వ్రాశాం. ఆలస్యంగా నమ్మడం కూడా ప్రాణాలు తీస్తుంది. 2020లో ఫోను ద్వారా చిన్న అప్పులిచ్చే యాప్‌ల మీద జనం మొత్తుకున్నప్పుడు, అప్పు ఎగ్గొట్టేవాళ్ళ ఏడుపులే అని చాలామంది కొట్టిపారేశారు. ఆ ఏడాది చివర తెలంగాణలో ఆత్మహత్యలు జరిగి, పోలీసులు అరెస్టులు చేసిన తరువాత గాని లోకం వినలేదు. నిజానికి ఆ ఫిర్యాదులలో నమ్మదగిన గుర్తు మొదటినుండి ఉంది. ఒకరినొకరు ఎరుగని మనుషులు, వేర్వేరు ఊళ్ళలో, వేర్వేరు యాప్‌ల గురించి, ఎవరి మాటలలో వారు ఒకే వరుస చెప్పారు. ఫోనులోని నంబర్లన్నీ లాక్కోవడం, వారం తిరగకముందే వాయిదా అడగడం, ఫోటో మార్చి బంధువులందరికీ పంపడం. ఒక కాగితాన్ని పదివేలమంది పంపడం వేరు. పదిమంది తమ తమ గాయాన్ని వేర్వేరుగా చూపడం వేరు. రిజర్వు బ్యాంకు 2020 డిసెంబరు 23న హెచ్చరిక జారీచేసి, మరుసటి జనవరిలో ఒక బృందాన్ని నియమించింది. 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన నియమాల ప్రకారం అప్పుల యాప్‌లు మన ఫోనులోని నంబర్ల జాబితాను, ఫోటోలను ముట్టకూడదు.

ఆ కాలంలో మా సంఘపు యువకుడొకడు దొంగ అంటూ అతని ఫోటోతో ఒక సందేశం మాలో పదిమందికి వచ్చింది. అది కూడా ఒక ఫిర్యాదే, కంపెనీ మనిషి మీద చేసినది! అయ్యగారు దానిని ఎవరికీ పంపవద్దని చెప్పి, ఆ సాయంత్రమే వాళ్ళ ఇంటికి వెళ్ళి వాళ్ళ నాయన పక్కన కూర్చున్నారు. తలుపు వేసుకొని పడుకున్న పిల్లవాడు రాత్రి తొమ్మిదికి బయటికి వచ్చి అన్నం తిన్నాడు. మరునాడు ఇద్దరు పెద్దలు వెంట వెళ్ళి పోలీసులకు ఫిర్యాదు వ్రాయించారు. ఇటువంటి సైబరు మోసాలకు ఇప్పుడు 1930 నంబరు ఉంది.

ఇక మనమే ఫిర్యాదు చేయవలసి వచ్చినప్పటి మాట. మా తమ్ముడు బోరు మోటారుకు సెల్‌ఫోనుతో నడిచే స్టార్టరు పెట్టించాడు. నెలకే అది చెడి, అదే వారంలో మోటారు వైండింగు కూడా కాలింది. అంగడివాడు పట్టించుకోలేదు. తమ్ముడు వీడియో తీసి, "అన్నా, దీన్ని అన్ని గ్రూపుల్లో పెడితే కంపెనీవాడే పరుగెత్తుకోని వస్తాడు" అన్నాడు. విత్తనాలు మొలవకపోతే నువ్వు ఏం చేస్తావురా అని అడిగాం. సంచి మీది చీటీ, లాటు నంబరు, బిల్లు పట్టుకొని వ్యవసాయాధికారి దగ్గరికి పోతానన్నాడు. అదే ఇక్కడా చేశాం. కొన్న తేదీ, బిల్లు నంబరు, స్టార్టరు వెనుక ఉన్న నంబరు, చెడిన రోజు, మెకానిక్కు వ్రాసి ఇచ్చిన చీటీ, అంగడివాడు ఏ రోజున ఏమన్నాడు, మనకేమి కావాలి, అన్నీ ఒక పుటలో వ్రాశాం. మోటారు కాలడానికి స్టార్టరే కారణమని వ్రాయలేదు. మా ఊరి కరెంటు హెచ్చుతగ్గులకు కూడా మోటార్లు కాలతాయి. రెండూ ఒకే వారంలో జరిగాయని మాత్రమే వ్రాశాం. తరువాత 1915కు ఫోను చేశాం. అక్కడ తేలకపోతే అనంతపురంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవాలనుకున్నాం. 2019 చట్టం వచ్చిన తరువాత కంపెనీ ఎక్కడున్నా మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చును. కొన్న సరుకు అయిదు లక్షల లోపుదైతే ఫీజు కూడా లేదు.

అంతదూరం పోలేదు. అయిదవ వారంలో కొత్త స్టార్టరు ఇచ్చారు. వైండింగు ఖర్చు ఇవ్వలేదు. తమ్ముడు ఆ రెండు సంగతులనూ, ఇచ్చినదీ ఇవ్వనిదీ, తేదీలతో సహా రైతుల గ్రూపులో పెట్టాడు. ఆ రాత్రే పక్క ఊరి రైతు ఒకాయన ఫోను చేసి, తన స్టార్టరు వెనుక నంబరు చదివి, ఇది కూడా ఆ వరుసలోదేనా చూడప్పా అని అడిగాడు.